ఉస్తాద్ అడిగిన మనిషి

మా సేఠ్ కొడుకు పోయిన సోమవారం నా బల్ల మీద ఒక రంగుల కాగితం పెట్టి పోయాడు. బొంబాయి కంపెనీ వాళ్ళది. ఏ లారీకి ఎప్పుడు ఏ మరమ్మతు చెయ్యాలో చెప్పే ప్రోగ్రాం, దాన్ని నడిపే కొత్త కంప్యూటరు. పాతదానికి కాలం చెల్లిందట. ఇది కొందాం, మొత్తం ఎంతవుతుందో అంచనా వేసి వారంలో ఇవ్వండి అన్నాడు. వారం అయిపోయింది. తెల్లకాగితం మీద మొదటి వరుసలో యంత్రం ధర రాశాను. రెండో వరుస దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడటం లేదు. ఒక మనిషి గుర్తుకొస్తున్నాడు. ఆయన సంగతి రాస్తే తప్ప ఈ అంచనా సాగేటట్టు లేదు.

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన యాభై లారీల కంపెనీ మాది. డెబ్బైల చివర బీకాం పట్టా చంకలో పెట్టుకుని అందులో లెక్కలు రాయడానికి చేరాను. నేను చేరేనాటికే ఆయన షెడ్డులో పెద్ద మెకానిక్కు. పేరు రాయను. కంపెనీలో ఆయన్ని పేరుతో పిలిచినవాడు లేడు. జీతాల రిజిస్టరులో తప్ప ఆ పేరు ఎక్కడా కనబడేది కాదు. సేఠ్ మొదలు గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఉస్తాద్.

బీదర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్ళు. నుదుట మూడు వేళ్ళ విభూతి, దాని కింద నుంచి గడ్డం దాకా గ్రీజు. బండిని తిట్టాలంటే ఉర్దూలో తిట్టేవాడు, మనుషుల్ని తిట్టాలంటే తెలుగులో. తప్పు తనదే అయితే కన్నడంలో, అదీ చాలాసేపు.

ఆయన పద్ధతి ఒకటుండేది. నాకు మొదట్లో అది చూస్తే ఒళ్ళు మండేది. బొంబాయి నుంచో షోలాపూర్ నుంచో లారీ వచ్చి షెడ్డు ముందు ఆగితే వెంటనే బోనెట్ ఎత్తేవాడు కాదు. డ్రైవర్ దిగి, కాళ్ళూ ముఖం కడుక్కుని వచ్చి, పాత టైరు మీద కూర్చోవాలి. రెండు చాయ్‌లు రావాలి. అప్పుడు ఉస్తాద్ పానా ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు.

"ఇగ చెప్పు బండి కత" అనేవాడు.

డ్రైవర్ చెప్పేవాడు. హుమ్నాబాద్ వాడైతే కన్నడంలో, కోహీర్ వాడైతే ఉర్దూలో, షోలాపూర్ వాడైతే మరాఠీలో. ఉస్తాద్ మధ్యలో ఆపి ప్రశ్నలడిగేవాడు. ఆ చప్పుడు ఏ ఊరి దగ్గర మొదలైంది, బండిలో ఏం లోడుంది, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా. చివరికి తప్పకుండా ఇంకొకటి: అప్పటికి నువ్వేమైనా తిన్నావా?

ఇదేం ప్రశ్న అని ఒకసారి నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఆకలితోని ఉన్నోనికి ఇంజన్ల అన్నీ సప్పుళ్ళే ఇనవడతయ్ సారూ. ఆకలి సప్పుడేదో, బేరింగ్ సప్పుడేదో తేల్సుకోవాలె గద" అన్నాడు.

ఈ కచేరీ అరగంట నడిచేది. తర్వాత లేచి తిన్నగా వెళ్ళి, ఎక్కడ జబ్బుందో అక్కడే చెయ్యి పెట్టేవాడు. నేను చూసినన్నాళ్ళు ఆ చెయ్యి తప్పింది చాలా తక్కువ. కానీ నేను చూసింది చెయ్యిని కాదు. నెల తిరిగేసరికి నా బల్ల మీదికొచ్చే చాయ్ బిల్లును. షెడ్డు వాళ్ళు పనిచేయడానికి వస్తున్నారా, చాయ్ తాగడానికి వస్తున్నారా అని సేఠ్ దగ్గర రెండుసార్లు అన్నాను కూడా. సేఠ్ విని ఊరుకున్నాడు.

ఇంకో అలవాటు. ఎవరైనా ఏదైనా కొన్నామని చెబితే చాలు, ధర అడిగేవాడు కాదు. దానికయ్యే ఖర్చు అడిగేవాడు. వాచ్‌మన్ బర్రెను కొంటే గడ్డి ఎక్కడ నుంచి తెస్తావన్నాడు. నేను కొత్త స్కూటరు కొని గొప్పగా షెడ్డు ముందు ఆపితే, చుట్టూ తిరిగి చూసి, నెలకు పెట్రోలుకు ఎంత తీసిపెట్టావన్నాడు. ఆ రోజంతా నా మనసు చివుక్కుమంటూనే ఉంది. ఇంత చిన్నదానికి మనసు చివుక్కుమనే మనిషిని నేను. ఇది ముందే చెప్పుకోవడం మంచిది.

ఎనభైల మధ్యలో, మంచి ఎండాకాలంలో, మెడకు టై బిగించుకుని ఒకతను బొంబాయి నుంచి దిగాడు. కంప్యూటరు వస్తే లారీలు దారిలో ఆగిపోవడం సగానికి సగం తగ్గుతుందన్నాడు. ఏ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, దేనికి ఆయిలు మార్చాలో, దేనికి బ్రేకులు చూడాలో అదే రోజూ కాగితం కొట్టి ఇస్తుందన్నాడు. సేఠ్ కళ్ళు వెలిగాయి. ఆ చుట్టుపక్కల ఏ లారీ కంపెనీలోనూ అలాంటిది లేదు. మొత్తం ఖర్చు అంచనా వేసే పని నాకు అప్పగించి, "జర లక్ష దాటకుండ చూడు" అన్నాడు. మామూలుగా ఏ యజమానైనా అనే మాటే. నేను దాన్ని వేదవాక్కు చేసుకున్నాను. అంతకుముందు నా చేత రిజిస్టర్లు, కార్బన్ పేపర్లు తప్ప మరోదానికి అంచనా వేయించలేదు మరి. నేల మీద నడవడం మానేశాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట ఉస్తాద్ ఆఫీసుకు వచ్చాడు. ఆయన ఆఫీసు గుమ్మం దాటింది అదే మొదటిసారి అనుకుంటాను. చెప్పులు బయట విడిచి, కుర్చీకి గ్రీజు అంటుతుందని నిలబడే మాట్లాడాడు. కూర్చోమని నేనూ గట్టిగా అనలేదు.

ఆ డబ్బా ఎంత పడుతుందని అడిగాడు. చెప్పాను.

"అది కొననీకి. మేపనీకి ఎంత?"

"కరెంటు తింటుంది, ఇంకేం తింటుంది ఉస్తాద్" అన్నాను వేళాకోళంగా.

ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. చల్లటి గది కావాలన్నారు కదా, దానికెంత. మన ఊళ్ళో కరెంటు గంటకోసారి ఎగురుతుంది, దాన్ని అదుపులో పెట్టే పెట్టెకెంత. రోజూ కాగితాలు కొడుతుందన్నారు, ఆ కాగితాలకెంత. బండ్లను చూసే డబ్బాకే బీమారొస్తే దాన్ని ఎవరు చూస్తారు, వాళ్ళకు ఏడాదికెంత. వీటిలో కొన్ని నా కాగితంలో ఉన్నాయి. మరమ్మతు కంపెనీకి ఏటా కట్టాల్సింది మాత్రం లేదు. మొదటి ఏడాది ఉచితమన్నారు కాబట్టి నేను రాయలేదు. రెండో ఏడాది లెక్క రెండో ఏడాది వాడు చూసుకుంటాడులే అనుకున్నాను. ఆ వాడూ నేనేనన్న సంగతి అప్పుడు తోచలేదు.

"మరి ఇన్నేండ్ల నుంచి ఏ బండికేమైందో దానికెవరు చెప్తరు?" అన్నాడు.

నువ్వే చెప్పాలన్నాను. రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చుని చెబితే, హైదరాబాద్ నుంచి వచ్చే ఆపరేటర్ అమ్మాయి టైపు కొడుతుంది.

"దానికేం రాసినవ్?"

"దానికేం రాస్తాం? నీ జీతంలోనే కదా."

ఈ 'జీతంలోనే' అన్నది మా కంపెనీలో తరతరాలుగా ఉన్న ఆచారం. వాచ్‌మన్ సేఠ్ కారు కడిగేది జీతంలోనే. సేఠ్ కూతురి పరీక్ష ఫీజు కట్టడానికి నేను హైదరాబాద్ బస్సెక్కేది జీతంలోనే. జీతం తీసుకునేవాడి పొద్దుకు ఖరీదు ఉండదు. అదే నాకు నేర్పారు, నేను ఇంకొకరికి అదే అంటగట్టాను. ఉస్తాద్ రెండు నెలలు ఆఫీసులో కూర్చుంటే షెడ్డులో బండ్లు ఎవరు చూస్తారన్నది ఏ వరుసలో రాయాలో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఆయన అసలు వచ్చిన పని వేరే ఉంది.

"నాకు తెలిసింది నేను చెప్త, ఫికర్ లేదు. కని దినాం బండ్లొస్తయ్. డ్రైవర్ నోట్ల మాట ఆ డబ్బాలకు ఎట్ల పోతది? వాళ్లకు సదువు రాదు, ఆ పిల్లకు వాళ్ళ మాట రాదు. నడుమ ఒక్క మనిషి కావాలె సారూ. కన్నడం, ఉర్దూ, తెలుగు తెలిసినోడు. డ్రైవర్ పక్కన కూసొని చెప్పింది చెప్పినట్టు రాసేటోడు. నెలకు నాలుగు వందలు ఇస్తే దొరుకుతడు. గా ఒక్కటి రాయి. ఏనుగును కొన్నంక అంకుశం కాడ బేరమాడొద్దు."

ఆయన చూస్తుండగానే రాశాను. 'డ్రైవర్ల మాట రాసే గుమాస్తా, నెలకు నాలుగు వందలు'. ఆయన చదవలేకపోయినా ఆ వరుస వైపు ఒకసారి చూసి, తల పంకించి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం కూడికలు వేశాను. లక్ష దాటింది. ఎక్కువ కాదు, మూడు వేల చిల్లర. గదికి చల్లటి మిషను తీసేద్దామంటే కంపెనీవాడు ఒప్పుకోడు. కాగితాలు తీసేద్దామంటే కాగితాల కోసమే కదా అది. ఆపరేటర్ లేకపోతే నడవదు. తీసేయడానికి వీలుగా కనబడింది ఒక్క వరుసే. స్కేలు పెట్టి గీత కొట్టాను. అంతటితో ఆగలేదు. షెడ్డు చాయ్ ఖర్చును కూడా కొట్టేసి, కంప్యూటరు వల్ల కలిగే ఆదా అని చూపించాను. ఆ కాగితాన్ని శుభ్రంగా మళ్ళీ టైపు చేయించి సేఠ్ ముందు పెట్టాను. ఆయన లక్షలోపే వచ్చిందని సంతోషపడి, నా భుజం తట్టి సంతకం చేశాడు. ఆ కొట్టేసిన వరుస సేఠ్ చూడనే లేదు. అలాంటి మనిషి ఒకడు కావాలని ఉస్తాద్ అడిగిన సంగతే ఆయనకు తెలియదు.

మర్నాడు షెడ్డు ముందు ఉస్తాద్ ఆపి, ఆ రాసే మనిషి సంగతి ఏమైందని అడిగాడు.

"సేఠ్ వద్దన్నాడు ఉస్తాద్" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నేనే కొట్టేశానంటే ఎందుకని అడుగుతాడు. యజమాని వద్దన్నాడంటే ఎవడూ ఇంకేమీ అడగడు. అంతే. ఆయన కాసేపు చేతిలోని గుడ్డతో వేళ్ళు తుడుచుకుని, మాలిక్ వద్దంటే ఏం చేస్తాం అని బండి కిందికి దూరాడు.

కంప్యూటరు వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. ఇల్లలకగానే పండగ కాదని తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఉస్తాద్ మధ్యాహ్నాలు కాళ్ళు కడుక్కుని ఆ చల్లటి గదిలో గోడకు ఆనుకుని నిలబడి బండ్ల చరిత్ర చెప్పాడు. ఆయనకు బండ్లు నంబర్లతో తెలియవు. బీదర్ కోడలు, కుంటి గుర్రం, అత్తగారు అని పేర్లు. ఆ పేర్లకు నంబర్లు వెతికేసరికి ఆపరేటర్ అమ్మాయికి తలప్రాణం తోకకొచ్చింది. ఆ పూటల్లో షెడ్డులో ఆగిపోయిన బండ్లకు ఆలస్యం ఉస్తాద్ పేరు మీదే పడింది.

ఇక డ్రైవర్లు బండి కథ చెప్పే పని లేదు. బొంబాయి వాడు ఇచ్చిన ఇంగ్లీషు ఫారం అచ్చు వేయించాం. ఇంజను, టైర్లు, లైట్లు, బ్రేకులు, ఒక్కోదాని ఎదురుగా ఒక్కో గడి. బాగుంటే టిక్కు. గేటు దగ్గర వాచ్‌మన్ డ్రైవర్ని అడిగి టిక్కులు పెట్టాలి. అది కూడా జీతంలోనే. గడి ఖాళీగా ఉంటే బాగున్నట్టే కొట్టమని ఆపరేటర్‌కు చెప్పింది నేను. పావుగంటలో డ్రైవర్ గేటు దాటి ఇంటికి పోవాలని కొత్త నియమం. ఉస్తాద్ కొన్ని వారాలు సొంత డబ్బుతో చాయ్ తెప్పించి డ్రైవర్లను కూర్చోబెట్టాడు. డ్రైవర్లు ఆలస్యమవుతున్నారని నేనే సేఠ్‌కు చెప్పి దాన్ని మాన్పించాను. ఆ తర్వాత ఉదయం కాగితంలో ఏ బండి వస్తే ఆ బండికే ఆయన పని చేసేవాడు. కాగితం అడుగున, చూసినవారు అన్నచోట, ఆయన పేరు దానంతటదే అచ్చయ్యేది. చూసినా, చూడకపోయినా.

ఏడాది తిరగకముందే అల్లం లోడుతో పోతున్న మా బండి ఒకటి పూనా అవతల ఘాట్‌లో దిగుతూ పక్కకు గుంజుకుపోయి లోయలో పడింది. డ్రైవర్ మొగుడంపల్లి వాడు. నెమ్మదైన మనిషి, చాయ్‌లో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేయమనేవాడు. ప్రాణం అక్కడికక్కడే పోయింది.

దినాలైన తర్వాత అతని భార్య తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఏడవలేదు. గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్‌తో, నాతో కలిపి ఒక్కటే మాట అన్నది.

"బ్రేక్ తొక్కితే ఎడమకు గుంజుతాందని మా ఆయన పది దినాల నుంచి చెప్తుండె. ఎవరు ఇన్నరు?"

వాచ్‌మన్ తల దించుకుని నిజం చెప్పాడు. బ్రేకులు పనిచేస్తున్నాయా అని అడిగానని, చేస్తున్నాయి గానీ లోడుతో దిగేటప్పుడు ఎడమకు గుంజుతోందన్నాడని. పనిచేస్తున్నాయన్నాడు కదా, టిక్కు పెట్టానని. "గుంజుతదన్నది రాయనీకి గడి లేదమ్మా" అన్నాడు. టైరు మీద కూర్చుని అరగంట చెప్పుకోనిస్తే ఏమయ్యేదో నాకు తెలుసు. ఉస్తాద్ మధ్యలో ఆపేవాడు. ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా అని అడిగేవాడు. ఆ బండి షెడ్డు దాటేది కాదు.

ఇన్సూరెన్సు మనిషి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు సేఠ్ గదిలో మేం నలుగురం ఉన్నాం. కాగితం ముందుంది. ఆ బండి నంబరు, బ్రేకులు బాగున్నవి, చూసినవారు, అడుగున ఉస్తాద్ పేరు. మీరు ఈ బండి చూశారా అని ఇన్సూరెన్సు మనిషి ఉస్తాద్‌ను అడిగాడు. నేను ఫైలు ఒళ్ళో పెట్టుకుని, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు దాని మూలలు సరిచేస్తున్నాను. ఒక్క మాట చాలు. డ్రైవర్ల మాట రాసే మనిషిని అడిగాను, ఇవ్వలేదు అని ఆయనంటే చాలు. సేఠ్ నా వైపు తిరిగేవాడు.

ఉస్తాద్ సేఠ్ ముఖం కేసి చూశాడు. తర్వాత ఇన్సూరెన్సు మనిషి కేసి చూశాడు.

"షెడ్డు నాది. బండ్లు నా చేతుల్లున్నయ్. తప్పు నాదే రాసుకో" అన్నాడు.

నాకు అప్పుడే అర్థమైంది. మనిషిని వద్దన్నది సేఠ్ అని ఆయన నమ్మాడు. ఆ మాట బయటి మనిషి ముందు అంటే యజమాని పరువు పోతుంది, ఇన్సూరెన్సు డబ్బు ఆగుతుంది, డ్రైవర్ భార్యకు రావలసిందీ ఆగుతుంది. అందుకని మింగేశాడు. నా అబద్ధాన్ని మింగేశాడు. నేను నోట్లో వెలక్కాయ పడ్డట్టు కూర్చున్నాను. అది పిరికితనం, దానికి ఇంకో పేరు లేదు. ఆ వారమే ఆయన్ని కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. ఆ కొన్నాళ్ళు అంటే ఏమిటో అందరికీ తెలుసు. పానాలు తుడిచి, పెట్టెలో వరసగా సర్ది, తాళంచెవి నా బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడాది అంచనాలో ఆ వరుస మళ్ళీ రాశాను. నెలకు నాలుగు వందలు, డ్రైవర్ల మాట రాసే గుమాస్తా. సేఠ్ అర నిమిషం కూడా చూడలేదు. సంతకం పెడుతూ, "రెండు టైర్ల పైసలు గావు. నిరుడే ఎందుకు అడగలే?" అన్నాడు. నేను కాగితాలు సర్దుకుని బయటికొచ్చాను.

ఉస్తాద్ కోహీర్ వైపు తిరిగే మలుపు దగ్గర రేకుల కొట్టులో పంక్చర్లు వేస్తున్నాడని విన్నాను. ఆ దారిన వెళ్ళడం మానేశాను. ఒకరోజు వెళ్ళక తప్పింది కాదు, స్కూటరు సరిగ్గా అక్కడికొచ్చే పంక్చరైంది. దూరం నుంచే గుర్తుపట్టాడు. చిక్కిపోయాడు. విభూతి మాత్రం అలాగే ఉంది. ఏమీ అడగకుండా చక్రం విప్పాడు. ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ, కంపెనీలో రాసే మనిషిని పెట్టారట కదా అన్నాడు. పెట్టారన్నాను. మంచిగయింది అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

స్కూటరు ఎక్కుతుంటే హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఆపాడు.

"అప్పుడు సేఠ్ ఇయ్యలేదు. అది ఆయన ఇష్టం. కని నా తరఫున అడిగినోడివి నువ్వొక్కనివే సారూ. నేను యాది మరువలే."

చెప్పాల్సిన చోటు అదే. ఎదురుగా ఉన్నాడు, చుట్టూ ఎవరూ లేరు, చెబితే నా ఉద్యోగం పోతుందన్న భయమూ లేదు. నేను తల ఊపాను. ఊపి, కిక్కు కొట్టి వచ్చేశాను.

మొన్న వానాకాలం మొదట్లో అల్లం మండీలో ఒక దలాల్ మాటల మధ్య చెప్పాడు, ఉస్తాద్ పోయి నెల దాటిందని. గుండెనొప్పి వచ్చిందట, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ముందుగా నాకు కలిగింది దుఃఖం కాదు. హమ్మయ్య, ఇక ఈ సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియదు అనుకున్నాను.